పండుగవేషపు పాత్రలు: వాని విలువ కట్టు విధము

మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు విరామకాలమున గుంపులుగా కూడి యొక విషయమును గూర్చి తీవ్రముగా వాదించుకొనుచుండుట ఉపాధ్యాయు లందఱు నెఱిగినదే. "క్రొత్తగా వచ్చినవారిలో ఎవరు గొప్ప? ఎవరిని తెచ్చుకొనవలెను?" అనునదే యా వాదమున కంతకును మూలము. దూరమున నుండి వినువారికి అది క్రికెట్టు ఆటగాండ్రను గూర్చిన ముచ్చట యని తోచును. కాని యది సెల్‌ఫోనులో నాడు కొన్ని యాటలలోని పాత్రలను గూర్చిన చర్చ. ఈ జాతి యాటలకు గాచా ఆటలని పేరు.

ఈ యాటలను పొగడుటకు గాని నిందించుటకు గాని నేను పూనుకొనలేదు. ఒక వస్తువునకు విలువ కట్టుట యొక విద్య. ఆ విద్యను మన పిల్లలు తమకు తెలియకయే యభ్యసించుచున్నారు. దానిని సరిగా నభ్యసించినచో వారికి మేలు కలుగును. తప్పుగా నభ్యసించినచో తండ్రి కష్టార్జితము గడియలో కరగిపోవును. కావున నీ విషయమును క్రమముగా విచారింతము.

గాచా యనగా నేమి?

జపాను దేశమున 1960 దశకము మొదలు దుకాణముల ముంగిట చిన్న యంత్రములు వెలసినవి. నాణెము వేసి పిడి త్రిప్పినచో నొక గుండ్రని డబ్బీ క్రిందికి పడును. అందొక బొమ్మ యుండును. పిడి తిరుగునపుడు కలుగు చప్పుడు "గాచా" యనియు, డబ్బీ పడునపుడు కలుగునది "పోన్" అనియు నా దేశీయుల చెవులకు వినబడుటచే నా యంత్రమున కాపేరు కలిగెను. ఏ బొమ్మ పడునో పిడి త్రిప్పువానికి ముందుగా తెలియదు. మన యూళ్లలో చిల్లర దుకాణములందు అట్టకు అంటించిన చీటీలను పిల్లలు చించి, లోపలి అంకెను బట్టి బహుమానము పుచ్చుకొనుట మీరు చూచియే యుందురు. రెండును దాదాపుగా నొకటే. రెంటికిని నడుమ నొక్క ముఖ్యమైన భేదము మాత్రము కలదు. దానిని ముందు చెప్పెదను.

సెల్‌ఫోను ఆటలలో బొమ్మకు బదులు పాత్ర వచ్చును. అంతే భేదము.

ఒక ఉదాహరణము

అన్ని యాటలను గూర్చి యొకేసారి మాటలాడినచో నేదియు తేటపడదు. కావున నొక్క యాటను దీసికొందము. జపానునందలి నింటెండో సంస్థవారు 1990వ సంవత్సరమున ఫైర్ ఎంబ్లెం అను యుద్ధవ్యూహపు ఆటను వెలువరించిరి. ఆ వరుసలో సెల్‌ఫోనుకై చేయబడిన ఫైర్ ఎంబ్లెం హీరోస్ అను నాట 2017 ఫిబ్రవరి 2వ తేదీన వెలువడెను. అడ్డముగా ఆరు, నిలువుగా ఎనిమిది గడులు గల పటముపై మన యోధులు నలుగురు శత్రువులతో పోరాడుదురు. మన అరుగులమీద గీసిన పులిమేకల ఆటవలెనే యిందును బలమొక్కటియే చాలదు. ఎవరిని ఏ గడిలో నిలుపవలెనో తెలియవలెను. యోధులను పిలుచుకొనుటకు ఆర్బులు అను గోళములు కావలెను. అవి యాడగా కొన్ని లభించును. చాలనిచో సొమ్మిచ్చి కొనవచ్చును.

ఆ 2017 మార్చి నెలాఖరున వసంతోత్సవ మను పేర నలుగురు క్రొత్తవారు వచ్చిరి: జాండర్, కమిల్లా, క్రోమ్, లూసీనా. వీరు పాత కథలలోనివారే. తలలపై కుందేటి చెవులు, చేతులలో క్యారెట్టు ఆకారపు ఆయుధములును రంగుగ్రుడ్లును ధరించి వచ్చిరి. పిదప ఎండకాలమున ఈతదుస్తులతో కొందఱు, అక్టోబరున మారువేషములతో కొందఱు, చలికాలమున కానుకల మూటలతో కొందఱు వచ్చిరి. ఇట్టివారే ఋతుపాత్రలు లేక పండుగవేషపు పాత్రలు. వీరు సామాన్యపు పాత్రల గుంపులో చేర్చబడరు. ఉత్సవము ముగియగానే కనుమఱుగగుదురు; మరల రావలెనన్న సాధారణముగా మఱుసటి యేటి దాక వేచియుండవలెను. "ఇప్పుడు కాకున్న మరల నెప్పుడో" యను తొందర పిల్లల మనస్సున పుట్టుటకు కారణ మిదియే. క్రొత్తొక వింత, పాతొక రోత యను సామెత వీరికి బాగుగ తెలిసియే వేషములు మార్చుచుందురు.

అయిదు ప్రశ్నలు

క్రొత్త పాత్ర వచ్చినపుడు దాని విలువ తెలియుటకు ఈ క్రింది యైదు ప్రశ్నలను వేసికొనవలెను.

మొదటిది: ఈ పాత్ర చేయు పని యేమి? పేరును జూచి మోసపోరాదు. సామాన్య వేషమున జాండర్ ఎఱ్ఱ వర్ణపు కత్తివాడు. వసంత వేషమున నీలవర్ణపు ఈటెవాడు. రెండు వేషములందును గుఱ్ఱపు రౌతే. కమిల్లా మొదట గండ్రగొడ్డలి పట్టి యాకాశమున సంచరించెడిది. వసంత వేషమున ఆకాశయానము మానలేదు గాని ఆకుపచ్చ మంత్రగ్రంథమును ధరించినది. గొడ్డలి ప్రక్కగడిలోని వానినే కొట్టును; మంత్రము రెండు గడుల దూరమున నుండి తాకును. ఇక నడక సంగతి. కాల్బలము రెండు గడులు నడచును. రౌతు మూడు గడులు పోవును గాని యడవి ప్రవేశింపలేడు. ఆకాశచారులు రెండు గడులే పోయినను కొండలను నీటిని దాటగలరు. కాని విల్లు వారికి మృత్యుతుల్యము, ఏలయన వారిపై విలుకాని దాడి సగము హెచ్చును. కవచధారులు బలవంతులే గాని యొక్క గడియే కదలుదురు. కావున ముఖము, దుస్తు, పేరు అను మూడింటిని ప్రక్కన బెట్టి, ఆయుధము, వర్ణము, నడక అను మూడింటిని చూడవలెను.

రెండవది: అంకె లెచట నున్నవి? ప్రతి యోధునకును ప్రాణబలము, దాడి, వేగము, రక్షణ, ప్రతిరోధము అను నైదు అంకెలుండును. చాలమంది వీనిని కూడి, మొత్త మెక్కువగా నున్నవాడే గొప్పవాడని తీర్మానింతురు. అది పొరపాటు. లెక్క చూడుడు. నా యోధుని దాడి 50, శత్రువు రక్షణ 30 అనుకొందము. దెబ్బ 20. ఎఱుపు ఆకుపచ్చను, ఆకుపచ్చ నీలమును, నీలము ఎఱుపును గెలుచుట ఈ యాటలోని నియమము. గెలుచు వర్ణమైనచో దాడి నూటికి 20 వంతున హెచ్చును. అనగా 60 అగును, దెబ్బ 30 తగులును. ఓడు వర్ణమైనచో దాడి 40కి తగ్గును, దెబ్బ 10 మాత్రమే. యోధుడు వాడే, అంకెలు అవియే. ఎదుటివాని వర్ణమును బట్టి ఫలము మూడింతలు మాఱినది.

వేగము సంగతి యింకను విచిత్రము. శత్రువుకంటె వేగము 5 హెచ్చుగా నున్నవాడు రెండుసార్లు కొట్టును. ఎదుటివాని వేగము 30 అయినపుడు 34 గలవాడు ఒక్కసారి కొట్టును, 35 గలవాడు రెండుసార్లు కొట్టును. ఒక్క అంకె భేదముతో ఫలము రెట్టింపైనది. అదే 20 వేగము గలవానికి 24 చేసినను ఆ శత్రువుపై మఱొక దెబ్బ రాదు. పరీక్షలో మొత్తము మార్కులు సమానముగా వచ్చిన యిద్దఱు విద్యార్థులలో ఒకడు గణితమున దిట్ట, మఱొకడు భాషలో దిట్ట కావచ్చును. లెక్కలు వ్రాయుటకు పంపవలసినవాని నెన్నుకొనునపుడు మొత్తమును జూచిన నేమి లాభము?

మూడవది: వాని గొప్పదనము సొంతమా, ఎరవా? 2017 మార్చినెలలోనే యీ యాటలో నొక యోధుని విద్యలను మఱొకని కిచ్చు వీలు కల్పింపబడెను. ఇచ్చినవాడు సైన్యమున నుండి తొలగిపోవును. పుచ్చుకొన్నవాడు ఆ విద్యలతో మిగులును. వసంతోత్సవపు క్యారెట్టు ఆయుధముల గుణమేమనగా, తాను ముందుగా దాడి చేసినచో పోరు ముగిసిన పిమ్మట 4 ప్రాణబలము తిరిగి పొందును. ఇది యెరవు ఈయదగిన గుణమే. ఇట్టి దానికై ముచ్చటపడువాడు పాత్రను గాక దాని విద్యను కోరుచున్నాడని గ్రహింపవలెను. కొన్ని యాయుధములు మాత్ర మొక్కరికే చెల్లును, ఇతరులకు ఈయబడవు. అట్టిది గలవాని విలువ వేఱు. క్రొత్తవాని వర్ణనలో ఏది సొంతము, ఏది యెరవు అని రెండు వరుసలుగా వ్రాసి చూడుడు. కొన్ని వేళల నెరవు వరుస నిండియుండి, సొంత వరుస దాదాపుగా శూన్యమై యుండును.

నాలుగవది: నా సైన్యమున ఈ పని చేయువాడు లేడా? పోరునకు వెళ్లునది నలుగురే. ఇంటిలో రెండు మంచి నీలపు ఈటెలుండగా మూడవది తెచ్చుకొనుట, రెండు నాగళ్లు గల రైతు ఎద్దులకు మేత లేకుండగ మూడవ నాగలి కొనుట వంటిది. లోకమంతయు గొప్పవాడని చెప్పిన యోధుడు నీకు నిరర్థకుడు కావచ్చును. లోకము మెచ్చని యోధుడు నీ సైన్యమున నున్న యొక్క లోపమును పూరింపవచ్చును. "ఎవరు గొప్ప" యను ప్రశ్నకు అందఱికిని చెల్లు నుత్తరము లేకుండుట కిదియే కారణము. విరామకాలపు వాదములు తెగకుండుటకును నిదియే కారణము.

అయిదవది: ఈ గొప్పదనము ఎంతకాలము నిలుచును? ఆటను నడుపువారి రాబడి క్రొత్త పాత్రల వలన కలుగును. పాతవాడే చాలినచో క్రొత్తవాని నెవరు కోరుదురు? కావున కాలము గడచిన కొలది క్రొత్తవారి అంకెలును విద్యలును హెచ్చుచు వచ్చినవి. నిరుటి వీరుడు నేటి బంటగుట యీ యాటలందు సహజము. పాతవారిని పూర్తిగ విడువలేదు సుమా: 2017 నవంబరున ఆయుధములకు పదును పెట్టు శాల యొకటి యాటలో చేర్చబడి, వెనుకబడిన కొందఱికి క్రొత్త బలము కలిగెను. అయినను పరుగెత్తు బండివెనుక నడచువాని వలె పాతవారు వెనుకబడుచునే యుందురు. అందుచే బలమునే కోరువాడు ఏడాదికొకసారి నిరాశపడక తప్పదు. ఒక పాత్రను కథవలననో చిత్రమువలననో ప్రేమించి తెచ్చుకొన్నవాడు అంతగా నష్టపడడు, ఏలయన వాని ప్రీతికి తఱుగు లేదు.

నూటికి మూడు

ఇంతవరకు వస్తువు విలువ చెప్పితిని. ఇక వెల సంగతి. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నన్నిట్లడిగెను: "మాస్టరుగారూ, ప్రత్యేకముగా చూపిన పాత్రలు నూటికి మూడు వంతున వచ్చునని అందే వ్రాసియున్నది. అటులైన నూఱుసార్లు పిలిచినచో ముగ్గురు వచ్చితీరవలెను గదా!" ఈ ప్రశ్న మంచిది. వాని తప్పు పెద్దలును చేయునదే.

ఒక సంచిలో 97 నల్ల చింతగింజలను, సున్నము పూసిన 3 గింజలను వేయుడు. చూడకుండ నొకటి తీయుడు. తీసినదానిని మరల లోపల వేయక ప్రక్కన బెట్టుచు పోయినచో నూఱవసారికి మూడు తెల్లగింజలును వచ్చితీరును. దుకాణమునందలి చీటీల అట్ట యిట్టిది: చించిన చీటీ మరల అంటింపబడదు గనుక, చివర వఱకు కొన్నవానికి పెద్ద బహుమానము తప్పక చిక్కును. కాని గాచాలో తీసిన గింజను ప్రతిసారియు మరల సంచిలో వేసి కలిపెదరు. ముందు చెప్పెదనన్న భేద మిదియే. తొంబదితొమ్మిది సార్లు రాకున్నను నూఱవసారి అవకాశము ఆ 3 వంతులే. సంచికి జ్ఞాపకము లేదు.

లెక్క చేయగా తేలున దిది. నూటికి 3 చొప్పున నూఱుగురు విద్యార్థులు తలకొక నూఱుసార్లు పిలిచినచో, వారిలో సుమా రైదుగురికి ప్రత్యేక పాత్రలలో నొక్కటియైనను రాదు. వసంతోత్సవమున వలె ప్రత్యేకముగా చూపినవారు నలుగురై, మీరు కోరినది వారిలో నొక్కరినే యైనచో, ఆ 3 వంతులు నలుగురికి పంచబడి, ఒక్కరి పాలు మూడు వంతులలో నాలుగవ భాగము, అనగా 0.75 మాత్రమే యగును. అప్పుడు నూఱుసార్లు పిలిచిన నూఱుగురిలో సుమారు 47 మందికి కోరిన పాత్ర రాదు! దాదాపుగా సగము మంది వట్టిచేతులతో మరలుదురు.

ఆటవారు కొంత యూరటను గల్పించిరి. అయిదుసార్లు పిలిచినను అయిదు నక్షత్రముల పాత్ర రాకున్నచో అవకాశము అర వంతు హెచ్చును. కాని ఆట వెలువడిన తొలికాలమున, కోరని అయిదు నక్షత్రముల పాత్ర వచ్చినను ఆ హెచ్చు పోయి మొదటికి వచ్చెడిది. పిదప కాలమున, కొన్ని పిలుపులలో 40సార్లు పిలిచినవాడు ప్రత్యేక పాత్రలలో నొకరిని తానే యెన్నుకొనవచ్చునను నియమమును చేర్చిరి. ఇది మంచి నియమము, ఏలయన వెలకు పైహద్దు తెలియును. ఒక విడతకు అయిదు ఱాళ్లు కనబడును. వానిని తెఱచుటకు వరుసగా 5, 4, 4, 4, 3, వెరసి 20 గోళములు కావలెను. అటుల నలువదిసార్లకు 160 గోళములు. అంత నిలువ లేనివాడు నడుమ నాగిపోవునను భయముండగా మొదలే పెట్టకుండుట మేలు. ఱాళ్ల వర్ణములు ముందే కనబడును గనుక, నీలపు పాత్రను కోరువాడు నీలపు ఱాళ్లనే తెఱచి మిగిలినవానిని విడుచుట యుత్తమము.

మఱొక ఉచ్చు గలదు. ఒకే పాత్రను మరల మరల పొంది కలుపుచు పోయినచో వాని బలము పది మెట్లు హెచ్చును. దీనికి మొదటివానితో కూడ 11 ప్రతులు కావలెను. ఒక్కదానికే యింత కష్టమైనపుడు పదునొకండు ఎంత యగునో మీరే యూహింపుడు. "ఒక్కటి చాలు" అని ముందుగా నిశ్చయించుకొననివాడు ఈ మెట్లపై నాగలేడు.

రాజ్యములు చేసిన యేర్పాట్లు

ఈ విషయము పిల్లల ముచ్చటగా మాత్రమే యుండలేదు. జపానులో కొన్ని యాటలు, వేఱువేఱు బొమ్మలన్నియు కూడబెట్టినవానికే గొప్ప బహుమాన మిత్తుమని యాశపెట్టెడివి. అయిదు విధముల బొమ్మలు సమానముగ వచ్చుననుకొన్నను, అన్నియు చేరుటకు సగటున పదునొకండు సార్లకు పైగా త్రిప్పవలెను. అందు కడపటి దొక్కటి చిక్కుటకే సగటున అయిదుసార్లు పట్టును. గమ్యము దగ్గఱ పడినట్లు తోచును గాని కడపటి యడుగే మిక్కిలి దూరము. అక్కడి వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2012 మే నెలలో నిట్టి పద్ధతి చట్టవిరుద్ధమని ప్రకటించిరి. 2017లో చైనాదేశమున అవకాశముల వంతులను బహిరంగముగా ప్రకటింపవలెనని నియమము వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరున ఆపిల్ సంస్థవారును తమ అంగడిలోని యాటల కట్టి నిబంధననే విధించిరి. బెల్జియము దేశమున 2018లో ఇట్టి సొమ్ముతో కొను అదృష్టపు పెట్టెలు కొన్ని జూదమే యని యధికారులు తీర్మానించిరి. ఆ పరిస్థితులలో నింటెండో సంస్థవారు మనము ఉదాహరణముగా గైకొన్న యాటను 2019 ఆగష్టు మాసమున ఆ దేశమున నిలిపివేసిరి.

వంతులు ప్రకటింపబడుట పిల్లలకు మేలు. కాని ప్రకటనను చదువుట వేఱు, దాని యర్థము నెఱుగుట వేఱు. గణితపాఠము పనికివచ్చు తావు లిట్టివి.

చేయదగిన దేమి?

క్రొత్తపాత్రను చూపు చలనచిత్రమును చూచిన క్షణముననే తీర్మానింపకుడు. ఆ చిత్రమున శత్రువు, పటము, వర్ణము అన్నియు వానికి అనుకూలముగానే యేర్పఱుపబడి యుండును. పెండ్లిచూపులనాడు ఇల్లంతయు అలికి ముగ్గువేసి యుండుట సహజమే కదా! పండుగపాత్రల పిలుపు సాధారణముగా కొన్ని వారములు తెఱచియుండును. కనీసము నాలుగైదు దినములు ఆగుడు. ఈలోగా నితరు లాడి చూచిన యనుభవము తెలియును. పై యైదు ప్రశ్నలకు మీ యుత్తరములను కాగితముపై వ్రాయుడు. ఇన్ని గోళములకు మించి వెచ్చింపనని అంకె వేసి, దానిక్రింద సంతకము చేయుడు. ఆ అంకె ఆట యాడుటచే లభించినవానికి లోబడియుండవలెనే గాని, ఇంటివారి బ్యాంకి ఖాతాను తాకరాదు.

తలిదండ్రులకు నొక విన్నపము. ఫోను లాగికొని, ఆట పనికిమాలినదని కసరుట సులభము. దానివలన పిల్లవాడు ఆట మానడు. మీకు చెప్పుట మానును. నెలజీతగాండ్రును కూలివారును గల మన యిండ్లలో తెలియకుండ పోయిన వేయి రూపాయలు చిన్న సంగతి కాదు. అంతకంటె పెద్ద సంగతి, ఆ వేయి పోయినదని పిల్లవాడు చెప్పలేకపోవుట. ఫోనులో సొమ్ము చెల్లించు రహస్యసంఖ్యను మీయొద్దనే యుంచుకొనుడు. అది మీ పని. పిమ్మట ఒక సాయంకాలము వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఈ క్రొత్తవాడు చేయు పనియేమి? మనయొద్ద నట్టివాడు లేడా? వచ్చు అవకాశ మెంత?" అని యడుగుడు. వాడు తడబడక చెప్పగలిగినచో, నేడు గోళములకు విలువ కట్టినవాడే రేపు విత్తనములకును, ఎరువులకును, వాయిదాల మీద అమ్మజూపు వస్తువులకును విలువ కట్టగలడు. చెప్పలేకపోయినచో వానితోకూడ కూర్చుండి చింతగింజల సంచి తెచ్చుకొనుడు. అర్ధగంట పట్టును, ఖర్చు లేదు.